సైలెన్సర్ ఎవరి కోసం?

మన దగ్గర దాన్ని ఎవరూ ఎగ్జాస్ట్ అనరు. మెకానిక్ షెడ్డులో అడిగినా, ఇంట్లో నాన్నని అడిగినా, ఆటో స్టాండ్‌లో అడిగినా ఒకటే మాట: సైలెన్సర్. దాని డ్యూటీ ఏంటో పేరులోనే ఉంది. కానీ మన కాలేజీ పార్కింగ్‌లో ఎవడైనా "కొత్త సైలెన్సర్ వేయించా మామా" అన్నాడంటే, రేపటి నుంచి వాడి బండి రెండు బ్లాకుల అవతలి నుంచి కూడా వినపడుతుందని అర్థం. ఇలా పేరుకి పూర్తిగా రివర్స్‌లో వాడే మాట ఇంకోటి ఉంటే మన క్లబ్ సీనియర్లు చెప్పాలి. నాకైతే దొరకలేదు.

మ్యాగజైన్‌కి ఏదైనా రాయమంటే కవిత రాసేంత ధైర్యం నాకు లేదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే. అందుకని నాకు తెలిసిన విషయమే రాస్తున్నా. మొన్న సెమిస్టర్ సెలవుల్లో మా అన్న కారుకి సైలెన్సర్ మార్చాల్సి వచ్చింది. ఏది వేయాలి అనే ఒక్క ప్రశ్న మీద మూడు వారాలు చర్చ నడిచింది. అందులోకి ఫిజిక్స్ వచ్చింది, కెమిస్ట్రీ వచ్చింది, చట్టం వచ్చింది. చివరికి తేల్చింది మాత్రం మా పెద్దనాన్న చెవులు.

ముందు కారు గురించి చెప్తా. అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. చెన్నైలో ఉద్యోగం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ ఉంది. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 87 పీఎస్ పవర్. కాగితం మీద చూస్తే మామూలు ఫ్యామిలీ కారు. కానీ అది రెండు ఉద్యోగాలు చేస్తుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి వెళ్తుంది. 1990లో మొదలైన ట్రాక్ అది, పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. మిగతా రోజుల్లో అదే కారు నెల్లూరు, చెన్నై మధ్య తిరుగుతుంది. పెద్దమ్మ ఊరగాయ జాడీలు, పెద్దనాన్న డాక్టర్ ఫైళ్లు, మా అందరి లగేజీ అందులోనే.

ట్రాక్ డే అంటే రేస్ కాదు. ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, సొంత కారుని సర్క్యూట్ మీద నడిపే రోజు. కప్పులు, పోడియంలు ఏమీ ఉండవు. నీ కారు ఎక్కడ జారుతుంది, నీ భయం ఎక్కడ మొదలవుతుంది అనేది తెలుస్తుంది, అంతే. డబ్బున్న వాళ్లు ట్రాక్ కారుని ట్రెయిలర్ మీద తెస్తారు. అన్న లాంటి వాళ్లు నంబర్ ప్లేట్‌తోనే వచ్చి నంబర్ ప్లేట్‌తోనే ఇంటికెళ్తారు. కాబట్టి ఆ కారుకి ఏ పార్ట్ వేసినా ట్రాక్ మీదా పనికిరావాలి, టోల్ గేట్ దగ్గరా ఇబ్బంది పెట్టకూడదు. అసలు తలనొప్పంతా ఇక్కడే.

సమస్య చిన్న శబ్దంతో మొదలైంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కింద నుంచి "ఫట్ ఫట్" అని వచ్చేది, వేడెక్కాక కాస్త తగ్గేది. అన్నకి అది నచ్చింది కూడా. "గొంతు బాగా పెరిగింది కదరా" అన్నాడు. పెద్దనాన్నకి అనుమానం వచ్చింది. ఆయన 30 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేయించి, వెనక గొట్టానికి తడిగుడ్డ అడ్డం పెట్టమన్నారు నన్ను. అలా పెడితే పొగకి బయటికి దారి ఉండదు, కన్నం ఎక్కడుంటే అక్కడ నుంచి బుస్సుమంటుంది. ఆ బుస్సు ఆయనకి వినపడదు, చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. అందుకని కింద కూర్చుని, పైపుకి తగలకుండా జాగ్రత్తగా అరచెయ్యి దాని పక్కనే జరుపుకుంటూ వెళ్లి ఒక చోట ఆపారు. "ఇక్కడ. గాలి కొడతా ఉంది" అన్నారు. మధ్య పైపు, వెనక డబ్బా కలిసే జాయింట్ తుప్పు పట్టి తినేసి ఉంది. డబ్బా అతుకు దగ్గర కూడా సూది మొన లాంటి కన్నాలు.

ఇక్కడ ఒక విషయం సీరియస్‌గా చెప్పాలి. సైలెన్సర్ లీక్ అంటే సౌండ్ సమస్య మాత్రమే కాదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. కారు కింద లీకై, నేలలో ఉన్న ఏ రబ్బరు మూత సందు నుంచో లోపలికి వస్తే మొదట తలనొప్పి, తర్వాత మగత. ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుని మూడున్నర గంటలు హైవే మీద వెళ్లే కుటుంబానికి అది ఆడుకునే విషయం కాదు. అందుకే "కొన్నాళ్లు ఇలాగే నడుపుదాం" అనే ఆప్షన్ ఆ రోజే పోయింది.

పదేళ్ల కారుకి తుప్పు పట్టడంలో వింతేం లేదు. నాకు వింతగా అనిపించింది, అది లోపలి నుంచి ఎందుకు పడుతుంది అనేది. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకోండి. పెట్రోల్‌ని ఆక్టేన్ అనుకుంటే, ఒక మోల్ ఆక్టేన్ కాలితే తొమ్మిది మోల్స్ నీళ్లు. అంటే 114 గ్రాములకి 162 గ్రాముల నీళ్లు. లెక్క కడితే ఒక లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటర్ నీళ్లే బయటికి వస్తాయి. దూరం వెళ్తే సైలెన్సర్ వేడెక్కి అదంతా ఆవిరిగా పోతుంది. పొద్దున ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం నాలుగు కిలోమీటర్లు అంటే వెనక డబ్బా సరిగ్గా వేడెక్కేలోపే కారు ఆగిపోతుంది. నీళ్లు అక్కడే నిలుస్తాయి. పైనుంచి చెన్నై ఉప్పుగాలి. ట్రాక్ మీద విసిరి విసిరి నడిపినందుకు పోలేదు ఆ సైలెన్సర్, ఆఫీస్ ట్రాఫిక్‌లో నెమ్మదిగా తిరిగినందుకు పోయింది.

ఇక ఆప్షన్లు. నేను సీఎస్‌ఈ కాబట్టి వెంటనే స్ప్రెడ్‌షీట్ తెరిచా. నాలుగు వరసలు వచ్చాయి.

మొదటిది, వెల్డింగ్ ప్యాచ్. చాలా చవక. కానీ తుప్పుతో పేపర్ లాగా పల్చబడిన రేకు మీద వెల్డింగ్ నిలవదు. ఒక కన్నం మూస్తే పక్కన ఇంకోటి పడుతుంది.

రెండోది, కంపెనీ పార్ట్. మధ్య పైపు, వెనక డబ్బా కొత్తవి. సౌండ్ కొత్త కారులా ఉంటుంది. అంటే అన్న భాషలో "ఏమీ ఉండదు".

మూడోది, స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించుకునే క్యాట్-బ్యాక్. అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత నుంచి చివరి గొట్టం వరకు మొత్తం కొత్తగా చేయించడం. చెన్నై పుదుపేటలో ఒక ఫ్యాబ్రికేటర్ చేస్తానన్నాడు. అన్న మనసంతా దీని మీదే.

నాలుగోది స్ట్రెయిట్ పైప్. డబ్బా లేదు, క్యాట్ లేదు, ఒట్టి గొట్టం. దీన్ని అన్న కూడా సీరియస్‌గా తీసుకోలేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టు లాంటి గడుల మీద ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌నీ, కాలని పెట్రోల్‌నీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ అక్కడే మారుస్తుంది. అది పని చేస్తుందో లేదో చూడటానికి దాని తర్వాత ఇంకో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. క్యాట్ పీకేస్తే ఇంజిన్ లైట్ వెలుగుతుంది. "దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఆపేస్తాం సార్" అనే షాపులు ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే అది బగ్ ఫిక్స్ కాదు. ట్రై-క్యాచ్ పెట్టి క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలేయడం.

మూడో ఆప్షన్ గురించి మాత్రం చాలా చదివాం. దాంట్లో నిజంగా మంచి విషయాలు ఉన్నాయి. స్టెయిన్‌లెస్ అంటే అన్నీ ఒకటి కాదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మనింట్లో మంచి రకం స్టీల్ గిన్నెల మీద 18/8 అని ఉంటుందే, అదే. 409 రకంలో క్రోమియం 11 శాతం చిల్లర మాత్రమే. బయట కాస్త తుప్పు రంగు వస్తుంది, కానీ చవక, వేడిని బాగా తట్టుకుంటుంది. రెండింటికీ తేడా తెలియాలంటే జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్తే చాలు. 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు. ఫ్యాబ్రికేటర్ ముందు అన్న జేబులోంచి ఫ్రిజ్ మీద అంటించే పైనాపిల్ బొమ్మ తీసి పైపుకి పెట్టి చూశాడు. అది జారి కింద పడింది. 304 అన్నది నిజమే. ఆయన నవ్వాడు, మాకూ నమ్మకం కలిగింది.

పైపు సైజు మీద ఇంకో చర్చ. "బ్యాక్ ప్రెషర్ లేకపోతే పికప్ పోతుంది" అని ప్రతి షెడ్డులోనూ అంటారు. ఏ ఇంజిన్‌కీ బ్యాక్ ప్రెషర్ అవసరం లేదు. దానికి కావాల్సింది పొగ వేగం. ఒక సిలిండర్ నుంచి వేగంగా బయటికి దూకిన పొగ తన వెనక కాస్త ఖాళీని వదులుతుంది, ఆ ఖాళీ తర్వాతి పొగని లాగుతుంది. చిన్న ఇంజిన్‌కి మరీ లావు పైపు వేస్తే వేగం తగ్గి, ఆ లాగుడు తగ్గి, కింది ఆర్పీఎంలో టార్క్ పోతుంది. షెడ్డులో వాళ్లు చూసింది నిజమే, చెప్పే కారణం మాత్రం వేరు.

మరి పవర్ ఎంత పెరుగుతుంది? టర్బో లేని 87 పీఎస్ కారుకి క్యాట్ తర్వాత భాగం మార్చినంత మాత్రాన స్టాప్‌వాచ్‌లో కనపడేంత ఏమీ రాదు. కంపెనీ వాళ్లు ఆ పైపుని ఆ ఇంజిన్ వదిలే పొగకి సరిపడా లెక్కేసే పెడతారు. అన్నకి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. "పవర్ కోసం ఎవడు అడిగాడురా, సౌండ్ కోసం" అన్నాడు. నిజాయితీగల మాట. నేను దాన్ని తీసిపారేయలేదు. ట్రాక్ మీద ఇంజిన్ గొంతు వినడం కూడా డబ్బులిచ్చి కొనుక్కునే ఆనందంలో భాగమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేస్ జరిగినప్పుడు టీవీలో చూశా. ఎలక్ట్రిక్ కార్లు, సైలెన్సరే లేదు. ఈల వేసినట్టు వెళ్లిపోతున్నాయి. అవి ఎంత స్పీడ్‌గా ఉన్నాయో నా కళ్లకి తెలుస్తోంది కానీ ఒంటికి తెలియలేదు. అన్న చెప్పేది అదే.

అయితే సౌండ్‌లో రెండు రకాలున్నాయి. ఈ తేడా నాకు పెద్దమ్మ వల్ల తెలిసింది. కారు వాళ్లు ఇంగ్లీష్‌లో డ్రోన్ అనే మాట వాడతారు. హైవే మీద ఒకే స్పీడ్‌లో వెళ్తున్నప్పుడు కేబిన్ అంతా ఒకే శ్రుతిలో గుమ్మని నిండిపోయే శబ్దం. దాన్ని తెలుగులో ఏమనాలో నాకు తెలియలేదు. లీకైన కారులో నెల్లూరు వచ్చిన రోజు పెద్దమ్మ దిగుతూనే "ఏం రొదరా అది, తల దిమ్మెక్కిపోయింది" అంది. రొద. మోత వేరు, రొద వేరు. మోత వస్తుంది, పోతుంది. రొద ఆగదు. సరిగ్గా అదే మాట.

రొదకి లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు పెట్రోల్ పేలుతుంది. అయిదో గేర్‌లో 100 కిలోమీటర్ల వేగం దగ్గర మా కారు సుమారు 3000 ఆర్పీఎం. అంటే సెకనుకి 50 చుట్లు, 100 పేలుళ్లు. 100 హెర్ట్జ్. ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న కారు కేబిన్ గుమ్మెటలా మోగుతుంది. కంపెనీ సైలెన్సర్ లోపల గదులు, కన్నాల పైపులు ఉండేది ఇలాంటి ఫ్రీక్వెన్సీలని ఎంచి చంపడానికే. కస్టమ్ పైపులో కూడా చంపొచ్చు. ఒక చివర మూసేసిన గొట్టాన్ని పక్కకి అతికిస్తే, దాంట్లోకి వెళ్లి వెనక్కి వచ్చిన అల అసలు అలకి ఎదురు పడి రద్దు చేస్తుంది. ఆ గొట్టం పొడవు అలలో నాలుగో వంతు ఉండాలి. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకి 450 మీటర్లు అనుకుంటే, 450ని 400తో భాగిస్తే సుమారు 1.1 మీటర్లు. స్విఫ్ట్ కింద అంత పొడవు గొట్టం పెట్టడానికి చోటు వెతికాం. స్టెప్నీ, పెట్రోల్ ట్యాంక్, యాక్సిల్ పోను ఏం మిగల్లేదు. ఫ్యాబ్రికేటర్ కూడా "రొద కొంచెం ఉంటది సార్, అలవాటైపోతది" అని ఒప్పుకున్నాడు.

అలవాటు ఎవరికి కావాలి అన్నదే అసలు ప్రశ్న.

పెద్దనాన్న నడిపిన రోజుల్లో బస్సు ఇంజిన్ డ్రైవర్ పక్కనే ఉండేది. రేకు మూత, దాని మీద రెగ్జిన్ కవర్, అంతే. ఎడమ చెవి పక్కన రోజుకి ఎనిమిది పది గంటలు డీజిల్ ఇంజిన్. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటల కంటే ఎక్కువ ఉండొద్దని, ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగానికి తగ్గించాలని ఆరోగ్య నిపుణులు చెప్తారు. 94 అయితే ఒక గంటే. ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇలా దెబ్బతిన్న చెవికి మొదట పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నని శబ్దాలు. మాటల్లో చాలా హల్లులని గుర్తుపట్టడానికి ఆ సన్నని శబ్దాలే కావాలి. అందుకే ఆయనకి మనం మాట్లాడుతున్నామని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. "కప్పు ఇవ్వండి" అంటే "పప్పు ఇప్పుడెందుకు" అంటారు. ఇంట్లో అందరం నవ్వుతాం, ఆయనా నవ్వుతారు. ఈమధ్య నవ్వడం తగ్గించి, మాట్లాడటం కూడా తగ్గించారు.

అందుకే చెన్నైలో వినికిడి మిషన్ ట్రయల్ మొదలుపెట్టాం. నెలకోసారి వెళ్లి సెట్టింగ్ మార్పించుకోవాలి. ఆ ప్రయాణాల్లో ఒక మంచి విషయం జరిగింది. కారులో అద్దాలు మూసుకుంటే బయట గోల ఉండదు, మిషన్ బాగా పని చేస్తుంది, ఆయన మాట్లాడతారు. ఉదయగిరి రూట్‌లో నైట్ హాల్ట్‌లు, వానలో ఆగిపోయిన బస్సు, చిల్లర కోసం కండక్టర్‌తో గొడవలు. ఇంట్లో చెప్పని కథలన్నీ ఆ 175 కిలోమీటర్లలో చెప్తారు.

సైలెన్సర్ సంగతి ఆయన్ని అడిగితే ఒకే మాట అన్నారు: "నాకెటూ వినపడదు గదరా. మీకు నచ్చింది వేయించుకోండి." అన్న దాన్ని పర్మిషన్ అనుకున్నాడు.

తర్వాతి వారం పుదుపేట ఫ్యాబ్రికేటర్ దగ్గర అలాంటి పైపే వేయించుకున్న ఇంకో స్విఫ్ట్ వచ్చింది. ఓనర్ మంచివాడు, ఒక రౌండ్ తిప్పుతా రమ్మన్నాడు. ట్రయల్ అయిపోయి పెద్దనాన్న మాతోనే ఉన్నారు. అన్న ముందు కూర్చున్నాడు, మేమిద్దరం వెనక. ఖాళీ రోడ్డు మీద సెకండ్ గేర్‌లో లాగినప్పుడు నిజంగా ఒళ్లు పులకరించింది. కాసేపటికి మంచి రోడ్డు దొరికి 3000 దగ్గర నిలకడగా వెళ్తున్నాం. నేను పక్కకి చూశా. పెద్దనాన్న రెండు చెవుల్లోంచీ మిషన్లు తీసి, కర్చీఫ్‌లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అద్దంలో అన్న కూడా చూశాడు.

తర్వాత చదివితే తెలిసింది. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం గట్టిగా ఉంటే దానికంటే పైనున్న సన్నని శబ్దాలని కప్పేస్తుంది. తిరగేసి అంతగా జరగదు. అంటే 100 హెర్ట్జ్ రొద ఆయనకి బాగా వినపడుతుంది. వినపడనిది మనిషి మాటే. ఉన్న కాస్త వినికిడినీ ముందు మింగేసేది అదే. "నాకెటూ వినపడదు" అన్నది ఆయన పెద్దరికం. దాన్ని మనం అక్షరాలా తీసుకుంటే లెక్క తప్పుతుంది.

ఆ రాత్రి స్ప్రెడ్‌షీట్‌ని అన్నే మార్చాడు. అప్పటిదాకా అన్నిటికీ మార్కులు వేసి కూడుతున్నాం: సౌండ్‌కి ఇన్ని, ధరకి ఇన్ని, లుక్‌కి ఇన్ని. అలా చేస్తే సౌండ్‌కి పడిన 10 మార్కులు నాన్న చెవులకి పడిన 2 మార్కులని కవర్ చేసేస్తాయి. "ఇవి మార్కులు కాదురా, కండిషన్లు" అని నాలుగు రాశాడు. లీక్ సున్నా. క్యాట్ ఉండాలి. రూల్‌కి సరిపోవాలి. నాన్న మిషన్ తీయకూడదు. ఈ నాలుగూ దాటిన వాటికే మార్కులు.

రూల్ సంగతి కూడా క్లుప్తంగా చెప్తా, మనలో చాలామందికి పనికొస్తుంది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. 1989 నాటి కేంద్ర మోటార్ వాహనాల రూల్స్‌లో 120వ రూల్ సైలెన్సర్ గురించే. శబ్దం, కాలుష్యం రూల్స్ మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 3 నెలల వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా లేదా రెండూ, పైగా 3 నెలలు లైసెన్స్ ఉండదు. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. చెవుల ఆస్పత్రి గేటు ముందు మోత చేసుకుంటూ చెవుల పేషెంట్‌ని దించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. సైలెన్సర్లని రోడ్ రోలర్‌తో తొక్కించే పోలీసు వీడియోలు మీరూ చూసే ఉంటారు. మన దేశంలోనే ఈ గోల అనుకోకండి. అమెరికాలో లగూనా సెకా లాంటి పేరున్న ట్రాక్‌లో కూడా చాలా రోజుల్లో 90 డెసిబెల్స్ చుట్టుపక్కలే లిమిట్, దాటితే బయటికి పంపేస్తారు.

నాలుగు కండిషన్లూ దాటింది ఒక్కటే, కంపెనీ పార్ట్. మధ్య పైపు, వెనక డబ్బా, గాస్కెట్లు, రబ్బర్ హ్యాంగర్లు అన్నీ కొత్తవి వేయించాం. హ్యాంగర్లు మర్చిపోకండి. పాత రబ్బరు సాగిపోయి ఉంటే కొత్త డబ్బా కూడా బాడీకి తగిలి టకటకమంటుంది. మొత్తం ఖర్చు ఫ్యాబ్రికేటర్ చెప్పిన దాంట్లో మూడో వంతు కూడా కాలేదు. పాతది, కొత్తది రెండింటినీ ఫోన్ యాప్‌తో కొలిచాం. గొట్టానికి అర మీటర్ దూరం, 45 డిగ్రీల పక్కకి, 4500 ఆర్పీఎం దగ్గర. ఫోన్ మైక్ అంకెని పూర్తిగా నమ్మకూడదు కానీ ఒకే ఫోన్, ఒకే చోటు అయితే తేడాని నమ్మొచ్చు. లీకుతో 96 చూపించింది, కొత్తదానితో 85. ఆ 11 డెసిబెల్స్ అంటే శబ్ద శక్తి పన్నెండు రెట్లు తగ్గినట్టు.

మిగిలిన డబ్బు బ్రేకులకి వెళ్లింది. కొత్త ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పీల్చుకునే కొద్దీ అది 155 దాకా దిగొచ్చు. ట్రాక్ మీద వరసగా గట్టి బ్రేకులు కొట్టినప్పుడు ఆయిల్ మరిగి బుడగలు వస్తే పెడల్ నేలకి తగులుతుంది. చిన్న కారుని ట్రాక్‌కి తీసుకెళ్లే ఎవరికైనా మొదటి ఖర్చు ఇదే. సైలెన్సర్ నంబర్ చాలా కింద వస్తుంది.

ఆ తర్వాతి ట్రాక్ డేకి నేనూ వెళ్లా. అన్న మొదటి సెషన్‌లో కాస్త డల్‌గానే ఉన్నాడు. పక్కన ఒక కారు గర్జించుకుంటూ వెళ్తుంటే మన కారు ఆఫీసుకి వెళ్తున్నట్టు ఉంది. రెండో సెషన్ అయ్యాక హెల్మెట్ తీసి, "టైర్లు వినపడుతున్నాయిరా" అన్నాడు. టైరు పట్టు వదిలే ముందు మాట్లాడుతుంది. మొదట సన్నగా మూలుగుతుంది, ఇంకాస్త తోస్తే కీచుమంటుంది, దాటితే బొంగురు పోయి జారుతుంది. ఇంజిన్ మోతలో ఇంతకుముందు అది ఆలస్యంగా తెలిసేది. ఇప్పుడు మూలుగు దగ్గరే స్టీరింగ్ సర్దుకుంటున్నాడు. సౌండ్ పోయిందన్న బాధ పూర్తిగా పోయిందని అనను. పుదుపేట మీదుగా వెళ్తే ఇప్పటికీ ఆ షాపు వైపు చూస్తాడు. ఒక రోజు ట్రాక్‌కి మాత్రమే వాడే వేరే కారు కొంటానంటాడు. కొంటే దానికి నచ్చిన పైపు వేసుకోవచ్చు, నేనే అయస్కాంతం పట్టుకుని వెళ్తా.

మీలో ఎవరైనా బైకుకి గానీ కారుకి గానీ సైలెన్సర్ మార్చాలనుకుంటే నాదొక్కటే సలహా. యూట్యూబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని డిసైడ్ చేయకండి. అలాంటి పైపు ఉన్న బండి ఎక్కండి. 3000 ఆర్పీఎం దగ్గర పది నిమిషాలు నిలకడగా వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ బండిలో ఎక్కువసార్లు వెనక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్లండి. ఎలా ఉందని అడగొద్దు, బాగానే ఉందనే చెప్తారు. ఊరికే చూడండి.